తిమ్మరాజు బండి కింద చూడని రోజు

హోసూరులో బాగలూరు రోడ్డు పక్కన తిమ్మరాజుకు ఒక రేకుల షెడ్డు ఉండేది. దానికి బోర్డు లేదు. బోర్డు రాయించమని భార్య సుమ చాలాసార్లు చెప్పింది కానీ ఆయనకు ఆ అవసరం కనిపించలేదు. తొంభైల చివర్లో ఆ చుట్టుపక్కల పాత డీజిల్ పికప్ కొనాలనుకున్నవాళ్ళు, తళి నుంచి వచ్చినా సూళగిరి నుంచి వచ్చినా, ముందు ఆ షెడ్డు దగ్గర ఆగి "తిమ్మరాజన్నా, ఒక బండి చూసిపెట్టాల" అనేవాళ్ళు.

ఆయన పుట్టింది కెలవరపల్లిలో. తండ్రి మేకలు మేపేవాడు. తిమ్మరాజు ఇరవై ఏళ్ళకు హోసూరు వచ్చి డీజిల్ పంపులు బాగుచేసే వర్క్‌షాపులో చేరాడు. పదకొండేళ్ళు అక్కడ పనిచేసి, 1993లో సొంత షెడ్డు వేసుకున్నాడు. ఆ జాగా చూపించి, స్థలం ఓనరుతో మాట్లాడి ఒప్పించింది చెన్నకేశవ. అతను తిమ్మరాజు అక్క రేణు మొగుడు. అంతకు రెండేళ్ళ ముందు తిమ్మరాజుకు టైఫాయిడ్ వచ్చి మూడు వారాలు మంచం మీద ఉంటే, బెంగుళూరు ఆసుపత్రిలో పక్కన కూర్చుని గంజి తాగించింది కూడా ఆ బావే. చెన్నకేశవది పాత బండ్ల బ్రోకరు పని. ఈ సంగతి ముందే చెప్పుకోవాలి. ఇది తెలియకపోతే తర్వాత జరిగినదానికి తిమ్మరాజు ఒక్కడే తలతిక్కవాడిలా కనిపిస్తాడు.

తిమ్మరాజు బండి చూసే తీరు ఎలా ఉండేదో ప్రసాదు చెప్పేవాడు. ప్రసాదు ఒంగోలు వైపు నుంచి వచ్చి హోసూరులో ఒక ఫ్యాక్టరీలో చేరినవాడు. 1997లో ఉద్యోగం మానేసి, పికప్ కొనుక్కుని కంపెనీలకు సామాను తోలాలనుకున్నాడు. మత్తిగిరిలో ఒకాయన బండి అమ్ముతున్నాడంటే తిమ్మరాజును వెంటబెట్టుకుపోయాడు. ఉదయం ఎనిమిదికి వెళ్ళారు. బండి గేటు ముందు కడిగి, తుడిచి, పెళ్ళికొడుకులా నిలబెట్టి ఉంది. ప్రసాదు దాని చుట్టూ తిరిగి మురిసిపోతున్నాడు. తిమ్మరాజు మాత్రం పోగానే బానెట్ మీద అరచెయ్యి పెట్టాడు.

"ఏమప్పా, వేడిగా ఉండాదే. పొద్దున్నే యాడికి పోయొచ్చినారు?" అన్నాడు.

"యాడికీ లేదన్నా. కడిగేదానికి ఇట్ల ముందుకు తెచ్చినాను, అంతే" అన్నాడు అమ్మేవాడు.

"సరే, చల్లారనీ. మేం కూర్చుంటాం."

రెండు గంటలు కూర్చున్నారు. అమ్మేవాడు రెండుసార్లు కాఫీ ఇచ్చాడు. మూడోసారి ఇవ్వలేదు. ఇంజన్ చల్లబడ్డాక తిమ్మరాజు తాళం తిప్పమన్నాడు. బండి ఒకసారికి అందుకోలేదు. రెండోసారికీ అందుకోలేదు. నాలుగోసారికి దగ్గుతూ లేచి సైలెన్సర్ నుంచి నీలం పొగ కక్కింది. తిమ్మరాజు ఆయిల్ పోసే చోట మూత తీసి పక్కన పెట్టాడు. లోపలి నుంచి పొగ గుప్పుగుప్పుమని కొట్టింది. ఆయిల్ తుంపర్లు ఆయన ముంజేతి మీద పడ్డాయి. ఆ చెయ్యి ప్రసాదుకు చూపించాడు.

"నల్ల పొగ వస్తే నాజిలు గానీ పంపు గానీ చెడినట్టు, దాన్ని బాగుచెయ్యచ్చు. ఇది నీలం. లోపల ఆయిల్ కాలతావుండాది. రింగులు పోయినాయి. ఇంజన్ పూరా విప్పాల."

"రంగు మాత్రం బాగుందండీ" అన్నాడు ప్రసాదు దిగులుగా.

"రంగు మీద కూర్చోని సామాను తోలతావా అప్పా?"

అంతటితో లేచి రాలేదు. వద్దనుకున్న బండిని కూడా చివరిదాకా చూసేవాడు తిమ్మరాజు. కొనేవాడు నేర్చుకోవాలని ఆయన పట్టుదల. మీటరులో కిలోమీటర్లు తక్కువ చూపిస్తుంటే క్లచ్ పెడల్ రబ్బరు చూడమన్నాడు. అది అరిగి ఇనుము తేలి ఉంది. తక్కువ తిరిగిన బండికి పెడల్ అంత అరగదు కదా అన్నాడు. ముందు టైర్లు ఒక పక్కే అరిగాయా, రెండు పక్కలా అరిగాయా చూపించాడు. ఆర్సీ బుక్కులోని చాసీ నంబరును బండి మీది నంబరుతో ఒక్కో అక్షరం కలిపి చూసుకోమన్నాడు. ఆ తర్వాత ఒక గోనెపట్ట పరుచుకుని బండి కిందకు దూరాడు. బండి బరువంతా మోసే చాసీ పొడుగునా టార్చి వేసి, చిన్న సుత్తితో అక్కడక్కడా కొట్టుకుంటూ, చేతివేళ్ళతో తడుముకుంటూ పోయాడు. దెబ్బతిన్న బండి ఎక్కడ అతుకు వేసుకున్నా అక్కడ కొత్త పెయింట్ ఉంటుందని, పాత బండికి కడుపు కింద కొత్త పెయింట్ అవసరం ఎవరికి వస్తుందో ఆలోచించమని ప్రసాదుకు చెప్పాడు. ఇంజన్ చెడితే బండి ఆగుతుంది, చాసీ చెడితే మనిషి ఆగిపోతాడు అని కూడా అన్నాడట. ప్రసాదు ఆ బండి కొనలేదు. రెండు నెలల తర్వాత తిమ్మరాజు సరేనన్న ఇంకో బండి కొని, దాన్ని తొమ్మిదేళ్ళు నడిపాడు.

ఇలాంటి మనిషిని బ్రోకర్లు ఇష్టపడరు. చెన్నకేశవ కూడా లోపల ఇష్టపడలేదు. కానీ బయటికి నవ్వుతూనే ఉండేవాడు.

"బామ్మర్దీ, నువ్వు అందరి బండ్లకూ వంకలు పెడితే నా పిల్లోళ్ళు ఏం తినాల?" అనేవాడు.

"నీ బండి బాగుంటే బాగుందనే చెప్తాను కదా బావా."

"బాగుండే బండి ఎవడు అమ్ముకుంటాడప్పా?"

ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. చెన్నకేశవ తెలివిగా తన బండ్లను తిమ్మరాజు కంటపడకుండా కృష్ణగిరి వైపు అమ్ముకునేవాడు. అలా కొన్నేళ్ళు గడిచాయి. బావ ఇంటికి తిమ్మరాజు రాకపోకలు ఎప్పటిలాగే ఉన్నాయి.

2002 సెప్టెంబరులో చెన్నకేశవ హోసూరులో కొత్త ఇల్లు కట్టుకుని గృహప్రవేశం పెట్టుకున్నాడు. తిమ్మరాజు తెల్లపంచె, ఆ రోజుకోసం కుట్టించుకున్న తెల్లచొక్కా వేసుకుని, పుట్టింటివాడిగా అక్కకు చీర తీసుకుని వెళ్ళాడు. భోజనాల పందిట్లో వడ్డన చూస్తుంటే చెన్నకేశవ వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఒక్క పదినిమిషాలు రా బామ్మర్దీ. జవళగిరి నుంచి పార్టీ వచ్చినారు. నువ్వు చూస్తేనే తీసుకుంటామని కూర్చోనుండారు."

"ఈ పొద్దా? రేపు చూస్తానులే బావా."

"ఇన్నేళ్ళలో నిన్ను ఒక్క బండి చూడమని అడిగినానా నేను? ఈ పొద్దు నా ఇంట్లో దీపం పెట్టిన దినం. మంచిదని ఒక మాట చెప్పు, చాలు. అది మంచి బండేనప్పా."

వీధి చివర చింతచెట్టు నీడలో తెల్ల పికప్ ఒకటి నిలబెట్టి ఉంది. దాని పక్కన మొగుడూ పెళ్ళాం నిలబడి ఉన్నారు. అతని పేరు ఆంజప్ప, ఆమె కెంచమ్మ. జవళగిరి దగ్గర అడవి అంచున వాళ్ళకు మూడెకరాల చేను. ఏటేటా రాగిపంట చేతికొచ్చే సమయానికి ఏనుగులు దిగి తొక్కేస్తుంటే, విసిగిపోయి రాగి మానేసి కొత్తిమీర, ముల్లంగి, బీన్సు వేయడం మొదలుపెట్టారు. ఆ సరుకును బస్సు మీద వేసి హోసూరు రైతుబజారు ఉళవర్ సందైకి తెచ్చేసరికి కొత్తిమీర సగం వాడిపోయేది. ఆంజప్పకు డ్రైవింగ్ వచ్చు. ఒక కాంట్రాక్టరు దగ్గర నాలుగేళ్ళు లారీ తోలాడు. బండి కొనాలని పట్టుబట్టింది మాత్రం కెంచమ్మే. ఊళ్ళో ఇంకో ముగ్గురి సరుకు కూడా తెస్తే డీజిలు గిట్టుబాటవుతుందని లెక్క చూసి మొగుడిని ఒప్పించింది.

తిమ్మరాజు బానెట్ మీద చెయ్యి పెట్టాడు. వెచ్చగా ఉంది. బావ వైపు చూశాడు. "ఇప్పుడే ఈడికి తోలుకొచ్చినాను కదా" అన్నాడు చెన్నకేశవ. అది నిజమే అయి ఉండొచ్చు. స్టార్ట్ చేయించాడు, ఒక్కసారికే అందుకుంది. పొగ లేదు. ఆయిల్ మూత తీస్తే లోపలి నుంచి కొట్టలేదు. వీధిలో ఒక చుట్టు తోలి చూశాడు, గేర్లు సాఫీగా పడ్డాయి. నిజానికి ఆ ఇంజన్ మంచిదే. దిగి వచ్చి, అలవాటుగా వెనక చక్రం దగ్గర మోకాలు వంచబోయాడు. కింద నేలంతా రాత్రి వానకు బురదగా ఉంది. తెల్లపంచె చూసుకున్నాడు. లోపలి నుంచి రేణు పిలుస్తోంది, అయ్యవారు దక్షిణ కోసం పుట్టింటివాళ్ళను అడుగుతున్నాడని. చెన్నకేశవ టైమ్ చూసుకుంటున్నాడు.

తిమ్మరాజు నిటారుగా లేచాడు. "బండి బాగుండాది ఆంజప్పా. తీసుకోండి" అన్నాడు.

ఆంజప్ప మొహం విప్పారింది. కెంచమ్మ మాత్రం కదల్లేదు. ఆమె ఎవరి దగ్గరో ఈయన పద్ధతి విని వచ్చింది.

"అన్నా, మీరు బండి కింద పండుకోని చూస్తారని చెప్పినారు. చూడలేదే?" అంది.

ఆమె అడిగిన తీరులో తప్పుపట్టడం లేదు, తెలుసుకోవాలన్న ఆత్రమే ఉంది. 'ఈ పొద్దు కుదర్లేదమ్మా, రేపు రండి' అని చెప్పేందుకు అంతకంటే మంచి అవకాశం తిమ్మరాజుకు దొరకదు. చెన్నకేశవ పక్కనే ఉన్నాడు. పందిట్లోనుంచి బంధువులు చూస్తున్నారు.

"మీరు వచ్చేదానికి ముందే చూసినానమ్మా" అన్నాడు.

ఆ మధ్యాహ్నం వాళ్ళిద్దరినీ కూడా బంతిలో కూర్చోబెట్టి చెన్నకేశవే దగ్గరుండి పాయసం వడ్డించాడు.

మరుసటి మార్చిలో, ఒక బుధవారం తెల్లవారుజామున, బీన్సు, ముల్లంగి మూటలు వేసుకుని ఆంజప్ప హోసూరుకు బయల్దేరాడు. కెంచమ్మ ముందు సీట్లో పక్కన కూర్చుంది. తళికి ఇవతల కాలువ మీది మోరీ దగ్గర రోడ్డు కోసుకుపోయి గుంట పడి ఉంది. ఆంజప్ప చూసి బ్రేకు వేశాడు, వేగం తగ్గింది. గుంటలో దిగిన బండి ఎక్కలేదు. సీటు వెనక ఫట్టుమని పెద్ద చప్పుడు వచ్చిందని, బండి నడుము విరిగి తాము కూర్చున్న ముందుభాగం పక్కకు తిరిగిపోయిందని కెంచమ్మ తర్వాత చెప్పింది. అది మోరీ గోడను కొట్టుకుని డ్రైవరు వైపు నలిగిపోయింది. ఆంజప్ప అక్కడికక్కడే పోయాడు. ఆమెకు కుడిచెయ్యి రెండు చోట్ల విరిగింది.

పది గంటలకల్లా ఆ వార్త బాగలూరు రోడ్డుకు చేరింది. తిమ్మరాజు స్కూటరు మీద వెళ్ళాడు. శవాన్ని తీసుకుపోయారు. రోడ్డంతా ముల్లంగి చెదిరి ఉంది, ఎవరో ఏరుకుంటున్నారు. ఆయన కాలువలో దిగి బండి కింద పడుకున్నాడు. ఏం జరిగిందో తెలుసుకోవడానికి సుత్తి కూడా అక్కర్లేకపోయింది. విరిగినచోట సగం ఇనుము తుప్పు రంగులో ఉంది, సగం తెల్లగా మెరుస్తోంది. తెల్లగా ఉన్నది ఆ ఉదయం విరిగింది. తుప్పుపట్టినది ఎప్పుడో చీలినది. పక్కనే వెల్డింగ్ అతుకు, దాన్ని నున్నగా గ్రైండింగ్ పట్టి పైన నల్ల పెయింట్ పూసిన గుర్తు. రెండు దెబ్బతిన్న బండ్లలో ఒకదాని ముందుభాగం, ఇంకోదాని వెనకభాగం కలిపి ఒక బండి చేశారు. కింద పడుకుని ఉంటే ఆ రోజు రెండు నిమిషాల్లో తెలిసిపోయేది.

అక్కడినుంచి ఆయన తిన్నగా చెన్నకేశవ యార్డుకు వెళ్ళాడు.

"అది అతుకుల బండి అని నీకు తెలుసునా బావా?"

చెన్నకేశవ తల ఎత్తలేదు. "నేను కొన్నప్పుడే అట్ల ఉండె. ఎన్నో బండ్లు అట్ల నడస్తావుండాయి. గుంటలో దిగితే కొత్త బండి కూడా విరుగుతాది."

"తెలిసే నన్ను పిలిచినావు. పంచె కట్టుకోని వచ్చిన దినం చూసి పిలిచినావు."

"నేను పిలిచినాను. చూసినానని చెప్పింది నువ్వు" అన్నాడు చెన్నకేశవ. "ఇంటికి పో. సుమ్మనే, నోరు మూసుకోని ఉండు. నీ పేరు, నా పేరు రెండూ ఒకే తాడుకు కట్టుండాయి."

తిమ్మరాజు ఇంటికి పోయాడు. సుమ్మనే ఉన్నాడు. పదహారు రోజులు ఎవరికీ ఏమీ చెప్పలేదు. షెడ్డు తీశాడు, మూశాడు. తిండి సహించలేదని సుమ డాక్టరు దగ్గరకు తీసుకుపోతే కడుపు మంటకు మాత్రలు రాశారు.

ఆ పదహారు రోజుల్లోనే ఇంకొక పని జరిగిపోయింది. అధికారులు బండి చూసి, చాసీ విరిగి ఉందని, విరగడం వల్ల ప్రమాదమా, ప్రమాదం వల్ల విరగడమా చెప్పలేమని రాసి, బండిని కెంచమ్మకు అప్పగించారు. దాన్ని తెచ్చి ఆమె చేను గట్టున పడేశారు. పన్నెండో రోజు కర్మ అయ్యాక చెన్నకేశవ ఒక మూట బియ్యంతో జవళగిరి వెళ్ళాడు. ఆమెను ఓదార్చాడు. మొగుణ్ణి చంపిన ఇనుము రోజూ కళ్ళముందు ఎందుకమ్మా అన్నాడు. తనే తీసుకుపోయి ఏదో ఒక ధర ఇప్పిస్తానన్నాడు. కెంచమ్మకు అప్పటికి ఏమీ తెలియదు. చెయ్యెత్తి దండం పెట్టింది. రెండు రోజుల్లో ఆ బండి ముక్కలై పాత ఇనుములో కలిసిపోయింది.

పదిహేడో రోజు తిమ్మరాజు జవళగిరి వెళ్ళాడు. కెంచమ్మ కట్టు కట్టిన చెయ్యి మెడకు వేలాడేసుకుని, ఎడమచేత్తో కొత్తిమీర మడికి నీళ్ళు మళ్ళిస్తోంది. గట్టు మీద బండి లేదు. దాని కింద ఎండిపోయిన గడ్డి మాత్రం బండి ఆకారంలో ఉంది. అది చూసి, తను ఎంత ఆలస్యంగా వచ్చాడో ఆయనకు అర్థమైంది.

నిలబడే చెప్పాడు. ఆ రోజు బండి కింద చూడలేదని చెప్పాడు. చూశానని అబద్ధం చెప్పానన్నాడు. మోరీ దగ్గర ఏం చూశాడో, ఇన్నాళ్ళు ఎందుకు నోరు మూసుకున్నాడో దాచకుండా చెప్పాడు.

కెంచమ్మ పార పక్కన పెట్టింది.

"మా ఆయన ముందర సంతోషపడినా, ఆ పొద్దు దుడ్డు ఇచ్చేటప్పుడు వద్దన్నాడు. ఇంకో బండి చూస్తామన్నాడు" అంది. "నేనే చెప్పినాను, తిమ్మరాజన్న చూసినాడంట కదా, ఇంకేం భయం అని. నేనే చెప్పినాను."

బండి లేని గట్టు వైపు చూసి మళ్ళీ అంది. "మీ బావ బియ్యం తెచ్చినాడు. నేను దండం పెట్టినాను వాడికి. మీరు ముందే వచ్చుంటే పెట్టేదాన్ని కాదు కదన్నా."

ఆయన ఆమె కాళ్ళ మీద పడబోయాడు. ఆమె వెనక్కి జరిగింది. "అదంతా వద్దు. ఈ మాటలు కోర్టులో చెప్తారా?"

"చెప్తానమ్మా."

చెన్నకేశవ మీద కేసు పెట్టారు. ఆ సంగతి తెలిసిన రోజే రేణు తమ్ముడి ఇంటికి వచ్చింది. "నీకు జొరం వచ్చినప్పుడు ఆయన నీ మలం ఎత్తినాడు తిమ్మా. ఆయన్ని జైలుకు పంపితే నీ చెయ్యి శుద్ధమయిపోతాదా?" అని అడిగింది. అది తిమ్మరాజు తన్ను తాను అడుక్కున్న ప్రశ్నే. ఆమె సుమ ఇచ్చిన మంచినీళ్ళు తాగకుండా వెళ్ళిపోయింది. తర్వాత కూతురి పెళ్ళికి మేనమామను పిలవలేదు. మేనమామ పట్టాల్సిన హారతి పట్టుకోవడానికి చెన్నకేశవ వైపు బంధువును ఎవరినో నిలబెట్టారు.

విచారణ కృష్ణగిరిలో 2005లో జరిగింది. తిమ్మరాజు బోనెక్కి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. చెన్నకేశవ తరఫు వకీలు ముసలాయన, మెత్తటి గొంతు. తమిళంలో నెమ్మదిగా అడిగాడు.

"మీరు ఇంజనీరింగ్ చదివారా?"

"లేదండి."

"వాహనాలు పరీక్షించడానికి లైసెన్సు ఏమైనా?"

"లేదండి."

"ఈ బండి కొన్న రోజున, కింద చూశానని కెంచమ్మగారికి చెప్పారు. ఈ రోజు చూడలేదని కోర్టుకు చెబుతున్నారు. ఈ రెండింటిలో అబద్ధం ఏది?"

"ఆ పొద్దు చెప్పింది అబద్ధం సార్."

"అంటే మీకు అవసరమైతే అబద్ధం చెప్పే అలవాటు ఉంది. సరే. కొన్నప్పుడు కింద చూడనివాళ్ళు, అప్పుడు ఆ అతుకు ఉందని ఎలా చెబుతారు? ఆ ఆరు నెలల్లో ఆంజప్ప ఎక్కడైనా గుద్ది, తనే అతుకు వేయించుకుని ఉండకూడదా?"

తిమ్మరాజు వెల్డింగ్ పాతదని, తుప్పు ఆరు నెలలది కాదని చెప్పబోయాడు. ఇనుము ఏది, చూపించండి అన్నాడు వకీలు. చూపించడానికి ఇనుము లేదు. చివరి వరసలో కూర్చున్న కెంచమ్మ తన మొగుడి పేరు విని లేచి నిలబడింది. ఆంజప్ప గుద్దలేదని గట్టిగా అంది. కూర్చోమన్నారు.

సాక్ష్యం చాలదని కేసు కొట్టేశారు. మెట్ల దగ్గర చెన్నకేశవ బంధువులు ఒకరినొకరు భుజం తట్టుకుంటున్నారు. చెన్నకేశవ మాత్రం బామ్మర్ది వైపు చూడకుండా, మెట్ల మీద చెప్పుల కోసం వెతుక్కుంటున్నవాడిలా తల వంచుకుని పోయాడు. ఆ సంవత్సరమే ఆయన యార్డుకు పెద్ద ఇనుపగేటు పెట్టించాడు.

షెడ్డుకు బండ్లు చూసిపెట్టమని వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. తిమ్మరాజు చూడకుండానే చూశానన్నాడట అనే మాట ఊరంతా పాకింది. అది నిజం కాబట్టి ఆయన కాదనలేకపోయాడు. వచ్చిన ఒకరిద్దరికీ ఆయన పద్ధతి నచ్చలేదు. ఇది చూశాను, ఇది చూడలేదు, ఇది నాకు తెలియదు అని విడదీసి చెప్పేవాడు. కొనేవాడికి అలాంటి మాటలు రుచించవు. బాగుందనో బాగాలేదనో ఒక్క మాట కావాలి. ఆ ఒక్క మాట ఆయన ఇవ్వడం మానేశాడు. పంపుల రిపేరుతో ఇల్లు గడిచేది. కొత్తరకం ఇంజన్లు వచ్చాక అదీ పలచబడింది.

కెంచమ్మ చేనును కొంతభాగం కౌలుకిచ్చి, గులాబీలు పెంచే కంపెనీలో కోతపనికి పోయేది. సరిగ్గా అతకని కుడిచేత్తో కత్తెర పట్టలేక ఎడమచేతికి మార్చుకుంది.

2008 వేసవిలో ఒక ఉదయం ఆమె షెడ్డు ముందు ఆటో దిగింది. వెంట ఊరి మహిళా సంఘం వాళ్ళు ఇద్దరున్నారు. తిమ్మరాజు స్టూలు మీదనుంచి లేచి నిలబడ్డాడు. దాన్ని ఆమె వైపు జరిపాడు.

"సంఘం తరఫున పాత పికప్ తీసుకుంటావుండాం. పదకొండు మంది కూరగాయలు సందైకి రావాల" అంది కెంచమ్మ. "బండి చూడాల."

"నేనా?" అన్నాడు తిమ్మరాజు. "ఊర్లో చాలామంది ఉండారమ్మా. నా మాట ఎవరూ నమ్మరిప్పుడు."

"ఇంకో ఇద్దరిని అడిగినాను. ఇద్దరూ ఇంట్లో కూర్చునే బాగుండాదని చెప్పినారు. మీరు చూడకపోతే చూడలేదని చెప్తారు. కోర్టులో అందరి ముందరా చెప్పినారు."

ఆయన కళ్ళు తుడుచుకోబోయాడు. ఆమె గొంతు గట్టిపడింది.

"క్షమించినానని అనుకోవద్దు. అది ఈ జన్మలో లేదు. ఇది బండి పని. వస్తారా రారా?"

వెళ్ళాడు. ఆ వారంలో ఐదు బండ్లు చూశారు. బానెట్ చల్లబడేదాకా ప్రతిచోటా కూర్చున్నారు. ఆయన కిందకు దూరిన ప్రతిసారీ కెంచమ్మ రెండో పక్కనుంచి దూరింది. టార్చి ఆమె చేతిలోనే ఉంది. ఆయన ఎక్కడ వేలు పెడితే అక్కడ వెలుతురు పెట్టింది. వేలు పెట్టనిచోట కూడా పెట్టి, "ఇదేంది?" అని అడిగింది. మొదటిదానికి రేడియేటర్ నీళ్ళలో ఆయిల్ తేలింది. ఒకదానికి చాసీ నంబరు గీకి మళ్ళీ కొట్టారు. ఒకటి తిన్నటి రోడ్డు మీద వెనకనుంచి చూస్తే పక్కకు జరిగి పోతున్నట్టు ఉంది. ఇంకొకదాని కడుపు కింద ఆమెకే కొత్త పెయింట్ కనిపించింది. ఆమె దాన్ని వేలితో గీకి, బయటికి వచ్చి, చీరకు అంటిన మట్టి దులుపుకుంటూ చాలాసేపు ఒక్కతే నిలబడింది. ఐదోది రంగు వెలిసిపోయిన, తలుపు సొట్టపడిన బండి. దాని కింద ఇద్దరూ అరగంట ఉన్నారు.

"నేను చూసినంతవరకు అతుకు లేదు. గేరు డబ్బా లోపల ఎట్లుండాదో విప్పితే గానీ తెలీదు, అది నేను చూడలేదు" అన్నాడు తిమ్మరాజు.

"సరే" అంది కెంచమ్మ. సంఘం దాన్ని తీసుకుంది.

కాగితాలు రాసుకుంటుండగా ఆయన పక్క కొట్టు నుంచి నాలుగు టీలు తెప్పించాడు. మిగతా ఇద్దరూ తీసుకున్నారు. కెంచమ్మ గ్లాసు ముట్టుకోలేదు. కాగితాలు అయ్యాక మిగతా ఇద్దరితో బండెక్కి ముందు సీట్లో కూర్చుని, సంఘం పెట్టుకున్న డ్రైవరును పోనివ్వమంది. టీ చల్లారిపోయాక తిమ్మరాజు దాన్ని రోడ్డు పక్కన పారబోసి, గ్లాసు కడిగి కొట్టువాడికి ఇచ్చేశాడు.